అడిగితే ఇవ్వాలి

శవం దొరికేదాకా ఎవడూ వల వెయ్యడు. కొలంబియా నది మీద సెలైలో అనే జలపాతం దగ్గర ఇది కట్టుబాటు. మనిషిని మింగిన నీళ్ళలోంచి చేపను తీసుకుని తింటే ఆ మనిషిని తిన్నట్టే. డప్పు మోగుతుంది, గెడలకు కట్టిన వలలన్నీ పైకి లేస్తాయి, నీటి మీదికి కట్టిన మంచెలన్నీ ఖాళీ అవుతాయి. సాల్మన్ చేపలు గుంపులు గుంపులుగా జలపాతానికి ఎదురెక్కుతున్నా సరే, చూస్తూ కూర్చోవాలి.

హెస్టర్ కొడుకు నీళ్ళలో పడ్డాడు. మంచె దూలం విరిగింది. నడుముకి కట్టుకున్న తాడు రెండో కొస ఆ దూలానికే కట్టుకున్నాడు, దూలంతో పాటే పోయాడు. డప్పు మోగింది. ఊరంతా చేతులు కట్టుకుని కూర్చుంది.

విల్బర్ మాత్రం వల వేశాడు.

విల్బర్ ఎవరో కాదు, హెస్టర్‌కి మరిది, చనిపోయిన ఆమె మొగుడికి సొంత తమ్ముడు. కొడుకుని వెతుకుతూ ఒడ్డు వెంట పోయిన హెస్టర్‌కి కింది సుడి దగ్గర, ఊళ్ళోకి కనపడని బండ వెనక, తడారని పొలుసులు కనపడ్డాయి. మడమ దగ్గర చీలిన రబ్బరు బూటు అచ్చు కనపడింది. ఆ బూటు ఊళ్ళో ఒక్కడికే ఉంది. ఆ సాయంత్రమే చేపల బేరగాడు డెల్మర్ లారీ వెనక నుంచి ఎర్రగా నీళ్ళు కారుకుంటూ రోడ్డెక్కి పోయింది. ఊరందరూ చూశారు. ఒక్కడూ నోరెత్తలేదు. విల్బర్‌కి లారీవాడి అండ ఉంది, సర్కారు ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే నోరుంది. అలాంటి వాడితో ఎవడు పెట్టుకుంటాడు? మాదీ ఒక ఊరే!

చివరికి శవం దొరకలేదు. చేపల వేటకి పెద్దయిన ఆసా తాత చుట్టూ మగాళ్ళు చేరారు. ముందుగా నోరు విప్పింది విల్బరే.

"తాతా, ఇదే ఆఖరి ఏడు. వసంతానికి కింద ఆనకట్ట తలుపులు మూసేస్తారు. ఈ జలపాతం ఉండదు, ఈ బండలుండవు. ఎన్నాళ్ళని కూచుంటాం?"

ఆసా తాత హెస్టర్ వైపు చూశాడు. ఆమె నది వైపే చూస్తోంది. తాత చెయ్యెత్తాడు. వలలు మళ్ళీ దిగాయి. కొడుకు చోటు ఖాళీ కాబట్టి, ఆ చోటు వంశానిదే కాబట్టి, విల్బర్ అక్కడ కొత్త దూలాలు వేసి కొత్త మంచె కట్టుకుని నిలబడ్డాడు. న్యాయంగానే నిలబడ్డాడు. కట్టుబాటు వాడికి కావలసినప్పుడు బాగానే గుర్తుంటుంది.

*

ఆ పొద్దున హెస్టర్ పాకలో కూర్చుని కత్తి నూరుతోంది. చేపలు ఎండేసే గెడలన్నీ ఖాళీగా ఉన్నాయి. కొయ్యడానికి ఒక్క చేప లేదు. ఎడమచేత్తో కత్తి పట్టుకుని, రాయి మీద ఉమ్మి, లాగి, తిప్పి, మళ్ళీ లాగుతోంది.

ఫీబీ గోనెసంచి భుజాన వేసుకుని వచ్చింది. హెస్టర్ కంటే పదేళ్ళు పెద్ద. పళ్ళు లేవు, నోరు మాత్రం ఉంది.

"ఏమే హెస్టరూ, ఇంకా నూరితే పిడే మిగులుద్ది."

"మిగలనీ అక్కా."

"ఎవర్ని కొయ్యడానికి?"

హెస్టర్ బొటనవేలితో అంచు చూసుకుంది. "చేపని."

"చేపేదీ?"

"ఉంది. మా పిల్లోడి మంచె మీద ఉంది." కత్తిని నడుముకి దోపుకుంది. "పోయి అడుగుతా."

ఫీబీ సంచి కింద పెట్టేసింది. "వాణ్ణా? వాడి దగ్గరికి పోయి చెయ్యి చాపుతావా? సిగ్గు లేదటే నీకు!"

"ముసలిది పోయి అడిగితే పట్టినోడు ఏం చెయ్యాలి అక్కా?"

"ఇవ్వాలి."

"ఏ చేప?"

"అడిగిన చేప. అప్పుడు పట్టినదాంట్లో పెద్దది." ఫీబీ ఆగింది. చిగుళ్ళు బయటపడేలా మెల్లగా నవ్వింది. "కాదంటే?"

"కాదన్నోడు మళ్ళీ మంచె ఎక్కడు."

"ఓసి నీ..." అని ఫీబీ మాట మింగేసి సంచి మళ్ళీ భుజానికెత్తుకుంది.

జలపాతం పక్కన మాట వినపడదు. కొలంబియా అంత పెద్ద నది అంత ఇరుకు బండల మధ్య నుంచి దూకుతుంటే పక్కవాడి అరుపు కూడా చెవిలో పడదు. అందుకే అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దూరంగా ఆ వైపు మంచె మీద ఉన్నవాడు ఈ వైపు వాడి చెయ్యి చదువుతాడు. రహస్యం చెప్పుకోవాలంటే అంతకంటే చెడ్డ చోటు లేదు.

హెస్టర్ బండ చివర దాకా నడిచి ఆగింది. ఆడవాళ్ళు మంచె పలకల మీదికి పోరు. విల్బర్ నీటి మీదికి వంగి, పొడుగాటి గెడ చివర వలని నురగలో ముంచి, నీటితో పాటు కిందికి తోస్తున్నాడు. నడుముకి తాడు ఉంది. తాడు రెండో కొస ఈసారి బండలోకి దిగగొట్టిన ఇనప కడియానికి కట్టాడు, మీద తడి గోనెసంచి కప్పాడు. దూలాన్ని నమ్మినవాడి గతి వాడికి తెలుసు కదా.

గెడ వణికింది. విల్బర్ వెనక్కి వాలి లాగాడు. చేప మనిషి తొడంత ఉంది. పలకల మీద పడి తోకతో బాదుకుంటుంటే కర్రతో ఒక్కటేశాడు. తల తిప్పేసరికి వదిన కనపడింది.

హెస్టర్ కుడి చెయ్యి చాపింది. అరచెయ్యి పైకి.

విల్బర్ మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత పళ్ళు కనపడ్డాయి. నవ్వు లాంటిదే. వంగి, చేపని మొప్పల దగ్గర పట్టుకుని బండ మీదికి విసిరాడు. పాపం వదిన, ముసలిది, తినాలి కదా అనుకుని ఉంటాడు. అటు పక్క మంచెల మీద వాళ్ళు చూశారు. ఒకడు గౌరవంగా తల కూడా ఊపాడు.

ఆమె చేపని పక్కన పెట్టింది. కదల్లేదు. అక్కడే కూర్చుంది.

రెండో చేప పడింది. ఆమె చెయ్యి చాపింది.

విల్బర్ ఆమె వైపు చూశాడు, చేప వైపు చూశాడు, అటు మంచెల వైపు చూశాడు. అందరూ ఇటే చూస్తున్నారు. ఇచ్చాడు.

మూడోది పడేసరికి ఫీబీ వచ్చి పక్కన కూర్చుని ఉంది. రెండు చేతులూ చాపింది ముసల్ది.

*

మర్నాటికి ఊళ్ళో ముసలమ్మలందరికీ చేప మీద మనసైంది. మిగతా మంచెల దగ్గరికి ఒక్కరూ పోలేదు. అందరూ విల్బర్ బండ మీదే. గోనెసంచులు పరుచుకుని, తలకి రుమాళ్ళు కట్టుకుని, తుంపర మొహాల మీద పడుతుంటే కళ్ళు మూసుకుని, ఎండకి కూర్చున్నట్టు కూర్చున్నారు. చేప పడగానే ఒక చెయ్యి లేస్తుంది. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరిది. ఎవరూ తోసుకోలేదు. ఎంత మర్యాదగా ఒక మనిషి ప్రాణం తీయొచ్చో ఆ రోజు చూడాలి.

రోడ్డు మీద కార్లు ఆపి ఫోటోలు తీసుకునే దొరసాని ఒకామె ఫీబీ దగ్గరికి వచ్చింది.

"ఇవాళ మీకేదన్నా పండగా?"

"అవునమ్మా."

"ఏం పండగ?"

"బట్టలూడదీసే పండగ," అంది ఫీబీ కొత్త కోడలి ముందు అత్తగారంత గంభీరంగా మొహం పెట్టి. "మూడు రోజులు జరుగుద్ది. ఫోటోకి పావలా."

దొరసాని పావలా ఇచ్చి మరీ తీసుకుపోయింది.

పైన రోడ్డు పక్కన డెల్మర్ లారీ ఖాళీగా నిలబడి ఉంది. మిగతావాళ్ళ చేపలు పడుతున్నాయి కానీ వాడు లెక్క పెట్టుకున్నది విల్బర్ మీద. అందరిలోకీ ఎక్కువ పట్టేది వాడే, లారీ నింపుతానని రాత్రి ఒప్పుకున్నదీ వాడే. మధ్యాహ్నానికి డెల్మర్ కిందికి దిగి వచ్చాడు. బూట్లు తడవకుండా దూరంగా నిలబడి అరిచాడు, ఏమీ వినపడలేదు. చేతులు తిప్పాడు. దొర చేతులు ఎవరికి అర్థమవుతాయి? ఆడవాళ్ళు కూడా చేతులు తిప్పి చూపించారు, నవ్వుకున్నారు. డెల్మర్ మొహం ఎర్రబడిపోయి లారీలోకి ఎక్కి కూర్చున్నాడు.

ఆ సాయంకాలం పొద్దుండగానే విల్బర్ హెస్టర్ పాకకి వచ్చాడు. ఆమె చేప కోస్తోంది. తల తీసి, వెన్ను వెంట కత్తి దించి, రెండు పక్కల మాంసాన్నీ పొరలు పొరలుగా విప్పి, గెడకి వేస్తోంది. పాక నిండిపోయింది. వరసలు వరసలుగా ఎర్రగా వేలాడుతున్నాయి. గాలికి ఊగుతున్నాయి. అన్నీ వాడి చేపలే.

"వదినా, చాలు."

ఆమె తోక నరికింది.

"చాలంటున్నా. ఎన్ని తింటావు నువ్వొక్కదానివి? ఏడేళ్ళకి సరిపడా ఉన్నాయి ఇక్కడ."

"వచ్చే ఏడు ఉండవుగా మరిది గారూ. నువ్వే చెప్పావు."

"అందుకే చెబుతున్నా. ఈ నాలుగు వారాలే. ఆ తర్వాత సర్కారు తలకింతని చేతిలో పెట్టి పొమ్మంటుంది. ఎక్కడికి పోతాం? నాకు పిల్లలున్నారు. నీకేముంది..." అని ఆగాడు. ఆగినా ఆ మాట బయటికి వచ్చేసింది.

హెస్టర్ కత్తి ఆపి చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు.

"అది కాదు వదినా. నేనేం చేశానని? వాడు పోతే నేను తోశానా?" అని, కొడుకు పేరు పెట్టి పిలిచి మరీ అన్నాడు, వాడి దూలం పుచ్చిపోయింది, నేనెన్నిసార్లు చెప్పానో అని.

పోయినవాడి పేరు ఏడాది దాకా పలకరు. తల్లే పలకదు. వాడు పలికాడు. హెస్టర్ లేచి వాడి కాళ్ళ ముందు ఉమ్మింది.

"పెదవులు తుడుచుకో."

"పొరపాటైంది..."

"డప్పు మోగుతుంటే కింది సుడి దగ్గర వలేసింది ఎవరు?"

రైలు ఒకటి ఊరి పక్క నుంచే పోయింది. అది పోయేదాకా విల్బర్ ఆగాడు.

"ఎవరు చూశారు?" అన్నాడు.

అంతే. లేదనలేదు. ఎవరు చూశారు అన్నాడు.

"పో," అంది హెస్టర్. "పొద్దున్నే కలుద్దాం."

వాడు గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాడు. "చూడు వదినా. మార్చిలో నీళ్ళెక్కుతాయి. ఆ బండలు, మంచెలు, నీ కోపం, అన్నీ కిందికే పోతాయి. ఎవరికీ ఏదీ గుర్తుండదు. దేనికి నీకీ తంటా?"

వాడు పోయాక హెస్టర్ చాలాసేపు కత్తి ముట్టలేదు. వాడు చెప్పింది నిజం. అదే ఆమెని నమిలేస్తోంది. సర్కారు ఆనకట్ట ఒక్క జలపాతాన్నే ముంచదు. ఇక్కడ ఎవడు ఏం చేశాడో చూపించడానికి నిలబడే బండే ఉండదు. పైన చదునుగా, అద్దంలా, బోట్లు తిరిగే నీళ్ళు ఉంటాయి. విల్బర్ ఎక్కడికో పోయి పెద్దమనిషి అవుతాడు. కొడుకు మాత్రం అడుగున ఉంటాడు, పూడ్చకుండా, పేరు పలకకుండా.

ఈ చేపలతో సరిపోదని ఆమెకి అప్పుడు తెలిసింది. చేపలు పోతే వాడికి నష్టం. నష్టం వేరు, సిగ్గు వేరు.

*

మూడో రోజు గాలి తిరిగింది. ఎగువ నుంచి కొట్టే గాలి తుంపరంతటినీ తెచ్చి బండ మీద పోస్తోంది. ముసలమ్మలు సంచులు తల మీద కప్పుకుని కూర్చున్నారు. నీళ్ళు కొంచెం పెరిగాయి, చేప ఎప్పుడూ లేనంతగా ఎక్కుతోంది. అన్ని మంచెల మీదా మగాళ్ళు ఉన్నారు.

హెస్టర్ ఇవాళ ముందుకి వచ్చి, ఇనప కడియం పక్కనే కూర్చుంది. ఫీబీకి అడిగిన చేప వచ్చింది. తర్వాతది ఇంకొకామెకి. గాలికి కడియం మీద కప్పిన గోనెసంచి ఎగిరి పక్కకి పోయింది. హెస్టర్ దాన్ని సర్దడానికి చెయ్యి పెట్టింది.

ముడి కింద నుంచి తాడు కొస బయటికి వచ్చి ఉంది. తాడు పురులు విడిపోకుండా కొసకి సన్నటి దారం చుట్టి ఉంది. అడవి జనుము దారం. అందులో ఒక ఎర్ర ఉన్నిపోగు.

ఆమె చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

అడవి జనుము నార తీసి, తొడ మీద పెట్టి పురెక్కించడం ఊళ్ళో చాలామందికి వచ్చు. ఎడమ చేత్తో పురెక్కించేది ఒక్కతే. చుట్లు ఎడమకి పోతాయి. ఎర్రపోగు ఆమె పాత దుప్పటిలోంచి లాగింది. కొడుకు పక్కనే కూర్చుని, నవ్వుతూ, "అమ్మా, తాడుకి పూసలు కూడా కుట్టు, పెళ్ళికి పనికొస్తది," అన్నాడు వసంతంలో. కొత్త తాడు. ఎర్రగా మెరుస్తుంటే ఎత్తి చూసుకున్నాడు.

ఆమె తాడు వెంట చూపు పోనిచ్చింది. కడియం నుంచి పలకల మీదుగా, తడిసి నల్లబడిన తాడు, విల్బర్ నడుము దాకా. ఆ వైపు కొసకీ ఆమే దారం చుట్టింది, ఇప్పుడది లేదు. ముడి పక్కన పురులు తెల్లగా, సమంగా ఆగిపోయాయి. తెగిన తాడు అలా ఉండదు, చింపిరిగా ఉంటుంది. అది కత్తితో కోసింది.

కొడుకు నడుముకి ఉన్న కొస అది. నడుము దగ్గర కోశారు.

తాడు కొడుకుతో పోయింది. తాడు వీడి దగ్గర ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కింది సుడిలో వీడి వలకి తగిలింది చేప ఒక్కటే కాదు.

ఆ క్షణానే విల్బర్ గెడ వంగిపోయింది. మామూలు చేప కాదు. వాడు కాళ్ళు తన్నిపెట్టి, ఒళ్ళంతా నీటి మీదికి వాలి పట్టుకున్నాడు. తాడు బిగిసి కడియం దగ్గర తంతిలా మోగింది. వాడి బరువంతా ఇప్పుడు దాని మీదే.

హెస్టర్ నడుము నుంచి కత్తి తీసింది. రెండు రోజులు నూరిన కత్తి. తాడు మీద ఆనించింది. ఒక్క పురి దానంతట అదే తెగింది, నొక్కకుండానే. తాడులోంచి వాడి ఊపిరి కూడా తెలుస్తోంది ఆమె చేతికి. లాగుతున్నాడు, వదులుతున్నాడు, లాగుతున్నాడు.

ఫీబీ చూసింది. ముసల్ది కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు.

నొక్కితే అయిపోతుంది. అయిపోతే డప్పు మోగుతుంది. వీడి కోసం వలలు లేపుతారు. వీడి కోసం అందరూ కూర్చుంటారు. పాపం విల్బర్, తాడు తెగింది అంటారు. వీడి పేరు కూడా గౌరవంగా ఏడాది దాకా పలకరు.

హెస్టర్ కత్తి తీసేసింది. పిడికిట్లో తాడు పట్టుకుని రెండుసార్లు గట్టిగా గుంజింది. వెనక్కి తిరగమని అర్థం.

విల్బర్ తల తిప్పాడు. ఆమె చెయ్యి చాపింది.

వాడు తలతో చేపని చూపించాడు, ఇస్తా, ముందు ఎక్కనీ అన్నట్టు. ఆమె అడ్డంగా తల ఊపింది. చేప కాదు. వేలితో తాడుని చూపించింది. మళ్ళీ అరచెయ్యి చాపింది.

తాడు ఇవ్వు.

వాడికి అర్థం కాలేదు, లేదా అర్థమైంది. ఆమె రెండో చేత్తో కడియం దగ్గరి కొసని పైకెత్తి పట్టింది. ఎర్రపోగు గాలికి ఊగింది. ఎదురు మంచె మీద ఒకడు వల పైకి లేపి నిలబడిపోయాడు. వాడి పక్కవాడు. తర్వాత అటు బండ మీద వాళ్ళు. ఆ కొస ఎవరు చుట్టారో ఆ జలపాతం దగ్గర తెలియని వాడు లేడు. వేసవంతా ఆ కుర్రాణ్ణి "పెళ్ళికొడుకా" అని ఏడిపించారు ఆ ఎర్రపోగు చూసే.

వినపడని చోట అందరికీ వినపడింది.

విల్బర్ చేతుల్లోంచి గెడ జారింది. వల, గెడ, చేప అన్నీ నురగలో పడి పోయాయి. వాడు చుట్టూ చూశాడు. ఎవడన్నా వద్దంటాడేమో అని చూశాడు. ఒక్కడు కూడా చెయ్యెత్తలేదు. ముసలిది అడిగింది. అడిగితే ఇవ్వాలి.

వాడు నడుము దగ్గర ముడి పట్టుకున్నాడు. తడి ముడి తొందరగా రాలేదు. పళ్ళతో కూడా లాగాడు. విప్పాడు. తాడుని ఆమె వైపు విసిరాడు. ఆ జారే పలకల మీద, కింద అంత నీరు పోతుండగా, తాడు లేకుండా నిలబడలేక మోకాళ్ళ మీదికి, తర్వాత పొట్ట మీదికి వంగి పాక్కుంటూ వచ్చాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద చేపలు పట్టినవాడు. బండ అంచు దగ్గరికి వచ్చి పట్టుకోవడానికి చెయ్యి చాపాడు.

హెస్టర్ రెండు చేతులతోనూ తాడు చుట్ట చుట్టుకుంటోంది.

*

జలపాతం మోత కొంచెం తగ్గే చోట, కింది సుడి పైనున్న ఒడ్డున అందరూ గుమిగూడారు. ఆసా తాత నడవలేడు, ఇద్దరు పట్టుకుని తెచ్చారు. తాత తాడు కొస చేతిలోకి తీసుకుని, చూపు ఆనదు కాబట్టి వేలితో తడిమాడు. ఎడమకి పోయిన చుట్లు. రెండో కొస తడిమాడు. కోసిన కొస.

"చెప్పరా," అన్నాడు.

విల్బర్ నేల చూస్తున్నాడు. "దూలం కింది సుడి బండ కింద ఇరుక్కుని, ఒక కొస పైకి తేలి ఉంది తాతా. తాడు నా వలకి చుట్టుకుంది. లాగితే బరువు తెలిసింది."

"చూశావా?" అంది హెస్టర్.

"చొక్కా చూశా."

ఎవరో ఆడమనిషి మూలిగింది.

"చూసి?"

"తీసుకొస్తే అక్కడ నువ్వేం చేస్తున్నావని అడుగుతారు కదా వదినా." అది వాడికి నిజంగా సమాధానంలాగే అనిపించినట్టుంది. తలెత్తి చెప్పాడు. "వల పోతది. కోశా. మళ్ళీ బండ కిందికే జారిపోయాడు."

"దూలానికున్న ముడి విప్పి తాడు దాచుకున్నావు."

"కొత్త తాడు వదినా."

చేపలోళ్ళం కదా, మంచి తాడు పారెయ్యడం మాలో ఎవరి వల్లా కాదు. అది అందరికీ అర్థమైంది. అర్థమైనందుకే ఎవరూ వాడి మొహం చూడలేకపోయారు.

ఫీబీ అంది, "నన్నడిగితే ఈ నా కొడుకుని ఇప్పుడే తోసెయ్యండి. ఇంకొక సమాధానం చెప్పేలోగా."

"ఆగక్కా." హెస్టర్ ముందుకి వచ్చింది. "చేప అడిగా, ఇచ్చావు. తాడు అడిగా, ఇచ్చావు. ఇప్పుడు మా పిల్లోణ్ణి అడుగుతున్నా. ఇవ్వు."

విల్బర్‌కి మొహాన నెత్తురు లేదు. "అక్కడ దిగితే బతకరు వదినా. ఆ సుడి నీకు తెలీదు."

"నీకు తెలుసుగా. డప్పు మోగుతుంటే పోయి వలేసిన చోటేగా."

ఆమె తాడు తీసి వాడి నడుము చుట్టూ తిప్పింది. ఎడమ చేత్తో ముడి వేసింది. ఒకసారి, రెండోసారి, కొస లోపలికి దోపి లాగింది. వాడి కళ్ళలోకి చూడలేదు, పనిలోనే ఉంది, కొడుకు చిన్నప్పుడు చొక్కా గుండీలు పెట్టినట్టే. రెండో వైపు తాడుని తన ముంజేతికి మూడు చుట్లు వేసుకుంది. వెనక నలుగురు మగాళ్ళు వచ్చి తాడు పట్టుకోబోయారు. ఆమె వాళ్ళకి వెనక వైపు మిగిలిన తాడు ఇచ్చింది. ముందు మాత్రం తనే నిలబడింది.

"పట్టుకుంటావా వదినా?" అన్నాడు విల్బర్ చాలా చిన్నగా.

ఆమె కింది సుడి వైపు గడ్డం ఊపింది.

ఆసా తాత చెయ్యెత్తాడు. ఊరంతా చేరే పొడుగింటి ముందు డప్పు మోగడం మొదలైంది. మంచెల మీద మిగిలిన వలలన్నీ లేచాయి. చేప గుంపులు గుంపులుగా ఎక్కుతూనే ఉంది, ఆ ఏడాదికి అదే పెద్ద రోజు, ఆ నదికి అదే ఆఖరి ఏడాది. ఒక్కడు కూడా ముట్టలేదు. రోడ్డు మీద నుంచి డెల్మర్ హారన్ కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. ఫీబీ అటు తిరిగి అరచెయ్యి చాపి చూపించింది.

విల్బర్ చేతిలో కొక్కెం గెడతో సుడిలోకి దిగాడు. నడుము దాకా, రొమ్ము దాకా, తర్వాత తల కూడా. తాడు బిగిసింది. హెస్టర్ కాళ్ళు తన్నిపెట్టింది. పైకి లాగినప్పుడల్లా వాడు నీళ్ళు కక్కి, చలికి పళ్ళు కొట్టుకుంటూ తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ గడ్డం ఊపింది. మళ్ళీ దిగాడు.

ఆ సాయంత్రం దొరకలేదు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. విల్బర్‌ని పొడుగింట్లో మంట పక్కన పడుకోబెట్టారు, దుప్పటి కప్పారు, హెస్టర్ ఎండేసిన చేపలోంచే ఒక ముక్క తెచ్చి తినిపించింది కూడా. బాగా తినమంది.

పొద్దున్నే, డప్పు మోగుతుండగా, తాడు పట్టుకుని వచ్చి వాడి ముందు నిలబడింది. వాడు చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఆమె నడుము చుట్టూ తాడు తిప్పి మళ్ళీ ముడి వేసింది. ఎడమచేతి ముడి. ఆమె వేసిన ముడి ఎప్పుడూ ఊడలేదు.